శబరి-2 అడుగున సర్కారు నీళ్ళు

సరంగు నూకరాజు తన ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒకే ఒక్క తప్పు చేశాడు. లాంచీలోకి నీళ్ళొస్తున్నాయని లాగ్‌బుక్కులో రాశాడు.

నోటిమాటగా చెప్పి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు, పని జరిగిపోయేది. కాగితం మీద పెట్టాడు గనక అందరూ చదివారు. చదివినవాళ్ళందరూ సంతకాలు పెట్టారు. సంతకం పడ్డాక ఏ సంగతైనా దాని పాటికది పెరుగుతుంది, మనం నీళ్ళు పొయ్యక్కర్లేదు. ఇక్కడ మాత్రం అవి కూడా పోయించారు. ఆ ముచ్చట వస్తుంది.

లాంచీ పేరు శబరి-2. శబరి-1 ఏమైందో ఎవరికీ తెలీదు. రికార్డుల ప్రకారం అది ఇప్పటికీ నడుస్తూనే ఉంది. గోదావరి పాయకి ఇవతల రేవు, అవతల చిలకలంక. లంకలో నూట అరవై గడపలు, అంతకు రెట్టింపు గేదెలు. మామూలు రోజుల్లో లంకవాళ్ళకి నాటుపడవలున్నాయి. వరదొస్తే మాత్రం లాంచీయే దిక్కు, ఎందుకంటే నాటుపడవలో మనిషి ఎక్కుతాడు గానీ గేదె ఎక్కదు. క్రితంసారి పెద్ద వరదకి నూకరాజు రెండు పగళ్ళలో పద్ధెనిమిది దఫాలు అటూ ఇటూ తిప్పి, మనుషుల్నీ గొడ్లనీ ఒడ్డుకి చేర్చాడు. లంకలో ఒక్క దూడ కూడా పోలేదు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకోడు. కానీ ఎవరైనా చెబుతుంటే అక్కణ్ణించి కదలడు.

జ్యేష్ఠమాసంలో ఓ ఉదయం ఇంజను గది అడుగు పలకలు ఎత్తి చూస్తే చీలమండ దాకా నీళ్ళున్నాయి. నూకరాజు కంగారుపడలేదు. వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు. ఇంజనుని చల్లబరిచే గొట్టం చిల్లిపడి కారితే ఆయిలు చేదు తగులుతుంది. ఇది చప్పగా, బురద వాసనేస్తోంది. ఏటి నీరే. మొత్తం తోడి పోశాడు. పాత లుంగీతో అడుగంతా పొడిగా తుడిచాడు. పాలక్యానుతో రేవులో దిగిన బుల్లెమ్మని అడిగి డబ్బాడు ముగ్గుపిండి తెప్పించుకుని, అడుగంతా పల్చగా జల్లి, ఇంజను వేసి, బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు.

బీడీ సగం కాలకముందే ముగ్గుపిండి మీద సన్నటి తడిగీత ఒకటి పాక్కుంటూ వచ్చింది. దాని వెంటే వేలు పెట్టుకుని వెనక్కి పోతే గ్లాండు దగ్గర తేలింది. పంకాని తిప్పే ఇరుసు లాంచీ పొట్టలోంచి ఏట్లోకి పోయే చోట, నీళ్ళు లోపలికి రాకుండా ఇరుసు చుట్టూ జిడ్డు పట్టించిన తాడు చుట్టి పైన నట్టు బిగిస్తారు. అదే గ్లాండు. ఆ తాడు అరిగిపోయింది. రెండు బారల కొత్త తాడు ఉంటే, పోటు తీసినప్పుడు లాంచీని ఇసక మీదికెక్కించి ఒక్క పూటలో బాగుచెయ్యొచ్చు.

"కొనుక్కొచ్చి చుట్టెయ్యకూడదేంటి తమ్ముడూ?" అంది బుల్లెమ్మ. లంకలో ఆవిడకి రెండు గేదెలు, బంగారీ, మాలచ్చీ. మొగుడు పోయాక ఆవిడ ఇల్లు నడిచేది ఆ రెంటి పొదుగుల మీదే. పోయిన వరదకి బంగారిని లాంచీ ఎక్కించింది నూకరాజే. చూడిగేదె, బల్ల మీద కాలు పెట్టనంటే బుజం పెట్టి నెట్టాడు.

"సర్కారు పడవకి బయటి తాడు చుడితే మెమో ఇస్తారక్కా. ముందట్లో లాంతరు వత్తి కొన్నానని ఇచ్చేరు. స్టోరులో తాడుంది. కారణం రాస్తే ఇస్తారు."

"శ్రావణంలో వరదలకి బాగవుతాదా?"

"రెండు బారల తాడక్కా! రెండు నెలలు పడతాదా?"

అలా నవ్వుకుంటూ వెళ్ళి లాగ్‌బుక్కులో రాశాడు: ‘ఇంజను గదిలో నీరు కనబడినది. తాడు కావలెను.’

మూడో రోజుకి జీపు వచ్చింది. అందులోంచి కార్యనిర్వాహక ఇంజినీరు చిదంబరేశ్వరరావుగారు దిగారు. వెనకాల ఆయన గుమాస్తా ఒక లావుపాటి పుస్తకం మోసుకుంటూ దిగాడు. చిదంబరేశ్వరరావుగారు చెడ్డమనిషి కాదు. లంచం ముట్టరు, ఒకళ్ళని పరుషంగా ఒక మాట అనరు. ఆయనకి ఉన్న వ్యసనమల్లా నియమావళి ఒక్కటే.

"నీటిని కనుగొన్నదెవరు?" అన్నారు.

"నేనేనండి."

"కనుగొన్న నీటిని ఏం చేశావు?"

"తోడి ఏట్లో పోసేనండి."

ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్న కబురు విన్నట్టుగా నిట్టూర్చి, పుస్తకం తెరిపించారు. ఎప్పుడో పదిహేనేళ్ళ కిందట ఎవరో సరంగు లాంచీ అడుగున నాటుసారా దాచి, తనిఖీవాళ్ళు వచ్చేసరికి ‘నీళ్ళండి’ అంటూ ఏట్లో పారబోశాడట. సాక్ష్యం గంగలో కలిసింది. అప్పట్నించీ శాఖలో ఒక నియమం వెలిసింది. ప్రభుత్వ నౌకలో కనుగొనబడిన ఏ ద్రవపదార్థమైనను దాని పుట్టుక నిర్ధారణ అగువరకు స్వాధీన ద్రవముగా పరిగణించి, కదలించకుండా, తొలగించకుండా, తగ్గకుండా పరిరక్షింపవలెను.

"ఆయ్, అది సారా గదండి. ఇది నీళ్ళండి."

"నీరని నువ్వంటున్నావు. శాఖ ఇంకా అనలేదు."

"నేను రుచి కూడా చూసేనండి బాబూ."

గుమాస్తా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "స్వాధీన ద్రవమును సేవించినట్లు అంగీకరించాడు, రాసుకోండి" అన్నారు ఇంజినీరుగారు.

"ముగ్గుపిండి జల్లి చూస్తే గ్లాండు కాడ..."

"ప్రభుత్వ నౌకలో ముగ్గు వేయుటకు పూర్వానుమతి ఉన్నదా?"

ఈ మూడు రోజుల్లో మళ్ళీ పదమూడు సెంటీమీటర్ల నీరు ఊరింది. ఇంజను గది గోడకి ఎర్ర ఎనామిలుతో స్కేలు గీయించారు. శబరి-2ని తిప్పడం నిలిపేశారు, తిప్పితే ద్రవం కదులుతుంది గనక. ‘సరంగు నూకరాజును తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ద్రవ పరిరక్షకునిగా నియమించడమైనది’ అని ఒక కాగితం చేతిలో పెట్టారు. ఇరవై ఆరేళ్ళూ నీళ్ళ మీద నడిచినవాడు ఆ రోజునుంచి నీళ్ళకి కాపలా కూర్చున్నాడు.

నమూనా సీసా ప్రయోగశాలకి వెళ్ళింది. పన్నెండు రోజులకి జవాబొచ్చింది. ‘ఇది తాగుటకు పనికిరాదు. ఇందులో ఒక చేపపిల్ల కలదు.’ చేపపిల్ల ఉందంటే ఏటి నీరే గదా అని నూకరాజు ప్రాణం లేచొచ్చింది. ఇంజినీరుగారికి మాత్రం అది తొందరపాటుగా తోచింది.

"చేప తనంతట తాను వచ్చిందా, ఎవరైనా ప్రవేశపెట్టారా అన్నది తేలలేదు. ఈ ద్రవము నదీజలమే అనుటకు నదీజలము నమూనా కూడా ఉండాలి గదా. రెండూ పోల్చాలి."

"ఇదిగోండి, పక్కనే ఉంది గదండి ఏరు" అంటూ నూకరాజు చెంబు ముంచబోయాడు.

"ఆగు! నది మన శాఖది కాదు."

నిజమే. లాంచీ ఒక శాఖది, నది ఇంకో శాఖది, ఒడ్డు మూడో శాఖది. నదిలోంచి ఒక చెంబు నీళ్ళు తీసుకోడానికి నిరభ్యంతర పత్రం కోరుతూ లేఖ వెళ్ళింది. ఆ లేఖ రాస్తున్నంతసేపూ రేవులో బుల్లెమ్మ మోకాలు లోతు నీళ్ళలో నిలబడి పాలక్యాను కడుక్కుంటూనే ఉంది. అటు శాఖవాళ్ళు, ఆ చెంబు ఎంత లోతున ముంచుతారో, ముంచినందువల్ల ఆయకట్టు రైతులకి కలిగే నష్టమెంతో తెలుపమని తిరుగు లేఖ రాశారు.

ఆషాఢం వచ్చింది. పైన ఎక్కడో వానలు పడి ఏటి రంగు మారింది. ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. ద్రవం పంతొమ్మిది సెంటీమీటర్లకి చేరింది.

ఒకనాటి మధ్యాహ్నం నూకరాజు ఉండబట్టలేక స్పానరు తీసుకుని, ఎవరూ చూడకుండా గ్లాండు నట్టుని పావుచుట్టు బిగించాడు. అరిగిన తాడే అయినా కాస్త నొక్కుకుంది. ఊట బొట్లలోకి దిగింది. నాలుగు రోజులు ఎండలు కాసి, ఇంజను గది పొయ్యిలా ఉడికి, నీటిమట్టం రెండు సెంటీమీటర్లు కిందికొచ్చింది. నూకరాజుకి ఎంత సంతోషమేసిందంటే, స్కేలు దగ్గర కొబ్బరికాయ కొట్టాలనుకున్నాడు.

ఆ వారమే తనిఖీ. ఇంజినీరుగారు స్కేలు దగ్గర వంగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వంగారు.

"పరిరక్షకా, రెండు సెంటీమీటర్ల ద్రవము ఏమైంది?"

"ఆవిరైపోయిందండి."

"ఎవరి ఉత్తర్వుపై?"

సూర్యభగవానుడి హోదా ఏమిటో నూకరాజుకి తెలీదు. నట్టు బిగించిన సంగతి కూడా బయటపడిపోయింది, స్పానరు పళ్ళ గుర్తులు కొత్తగా మెరుస్తున్నాయి మరి. విచారణ అక్కడికక్కడే జరిగింది. సాక్ష్యమును తారుమారు చేసినందుకు మెమో ఇచ్చారు. యథాతథ స్థితిని పునరుద్ధరించుటకై నట్టును తిరిగి పావుచుట్టు వదులు చేయించి, దాని మీద లక్క వేసి శాఖ ముద్ర గుద్దారు. అక్కడితో ఆగినా బాగుండేది.

"కొరత పడిన రెండు సెంటీమీటర్లు భర్తీ చెయ్యాలి."

"దేంతోనండి?"

"తత్సమాన ద్రవముతో."

"ఏటి నీళ్ళతోనా అండి? మరి ఏరు మన శాఖది కాదన్నారు గదండి?"

చిదంబరేశ్వరరావుగారు పుస్తకం తెరిపించి పేజీలు తిప్పించారు. "నమూనా నిమిత్తం తీసుకొనుటకు అనుమతి అవసరం. భర్తీ నిమిత్తం గురించి నియమావళి మౌనంగా ఉన్నది. పొయ్యి."

కాబట్టి ఆ సాయంత్రం సరంగు నూకరాజు బకెట్టుతో గోదావరిలో నీళ్ళు ముంచి తన లాంచీలో తనే పోశాడు. పదిహేడు నుంచి పంతొమ్మిది దాకా. గుమాస్తా స్కేలు దగ్గర దీపం పట్టుకున్నట్టు చెయ్యి చాచి నిలబడి, ‘ఇంకొక్క చెంబు, చాలు, ఎక్కువైంది, చెంచాడు తియ్యి’ అంటూ చెబుతున్నాడు. లంకకి పోయే పడవ కోసం గట్టు మీద ఆగిన జనమంతా ఈ వేడుక చూశారు. మొదట్లో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

బుల్లెమ్మ దగ్గరికొచ్చింది. "అదేం పని తమ్ముడూ? కన్నం మూయాల్సినోడివి నువ్వే నీళ్ళు పోస్తన్నావేంటి?"

"ఆర్డరక్కా."

"వరదకి ఆర్డరు ఎవరిస్తారో కాస్త కనుక్కో. ఇయ్యొద్దని చెబుదాం."

నట్టు మీద ఉన్నది చిటికెడు లక్క. కత్తిమొన తగిలిస్తే ఊడిపోతుంది. మొలలో కత్తి ఉంది. మర్నాడు పొద్దున్న దాన్ని తీసి చేత్తో పట్టుకుని గ్లాండు ముందు చాలాసేపు కూర్చున్నాడు కూడా. లక్క మీద శాఖ ముద్ర ఎర్రగా కనిపిస్తోంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ ముద్ర ఉన్న కాగితాలకి దణ్ణం పెట్టి తీసుకున్న చెయ్యి అది. కత్తి మళ్ళీ మొలలోకి పోయింది.

శ్రావణం రాకముందే ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. అప్పటికి లోపలి నీరు మోకాళ్ళ దాకా ఉంది. ముగ్గురూ పంట్లాములు పైకి మడుచుకుని ఆ నీళ్ళలోనే కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. ‘ఇచ్చట నీరు కలదా’ అన్న మొదటి ప్రశ్న మీద గంటన్నర చర్చ జరిగింది. కలదని ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన, ఇంత తక్కువ సమాచారంతో అంత మాట అనడం తగదని అసమ్మతి రాసుకున్నారు. నూకరాజు ధైర్యం చేసి, గ్లాండు కాడ తాడు అరిగిందండి, రెండు బారలుంటే చాలండి అన్నాడు.

"లీకు ఎక్కడున్నదో ముందే చెప్పేస్తే కమిటీ దేనికోయ్?" అన్నారు అధ్యక్షులవారు, చాలా మర్యాదగానే. "ఇంజను నడుపుతూ పరిశీలించాలి. నడుపు."

"ఇంజను సగం మునిగిందండి."

"అయితే నీరు తగ్గాక పరిశీలిద్దాం. లీకు నిర్ధారణ అయ్యాక నీరు తగ్గిద్దాం." ముగ్గురూ ఈ తీర్మానం మీద సంతకాలు చేసి, బల్ల కట్టించుకుని తడవకుండా గట్టెక్కారు.

శ్రావణంలో నాలుగో రోజు ఆనకట్ట దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మర్నాడు తెల్లారేసరికి రెండోది. చిలకలంక చుట్టూ గట్టు తెగబోతోందని కబురు. ఇంజినీరుగారు జీపులో పరుగున వచ్చారు. మనిషి నిజంగానే కంగారుపడ్డారు.

"నూకరాజూ, నౌకను తక్షణం బయలుదేరదియ్యి! ప్రజల ప్రాణాలు!"

"నీళ్ళున్నాయండి."

"తోడు! కొలత రాసుకుని తోడు. ఎంతుంది?"

"స్కేలు మునిగిపోయిందండి."

"కొలత లేకుండా ఎలా తోడిస్తాను?"

నూకరాజు ఇంక ఆయన వైపు చూడలేదు. కత్తి నోట కరుచుకుని ఇంజను గదిలోకి దూకాడు. రొమ్ముల దాకా నీళ్ళు. మునిగి, తడుముకుంటూ లక్క చెక్కేసి నట్టు బిగించాడు. నెల కిందటైతే దానికి అంతే చాలును. అతను పైకి తేలి ఊపిరి పీల్చుకునేలోగా వరద పోటుకి శబరి-2 వెనకభాగం కిందికి కుంగింది. ఎవరో చెయ్యందించి బయటికి లాగారు. లాంచీ తొందరపడకుండా, తెలిసినవాళ్ళ ఇంట్లోకి వెళ్ళినట్టు గోదావరిలోకి దిగిపోయింది. జెండాకర్ర కొస ఒక్కటే పైన మిగిలింది. నూకరాజు గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏడవడానికి ఎక్కువసేపు లేదు. రేవులో ఉన్న ఆరు నాటుపడవలూ కదిలాయి. నూకరాజు ఒకదానికి చుక్కాని పట్టాడు. సహాయక చర్యలను స్వయంగా పర్యవేక్షించాలని ఇంజినీరుగారూ అందులోనే ఎక్కారు. నది మధ్యకి వచ్చేసరికి పలకల సందుల్లోంచి నీరు చిమ్మింది. పాత పడవ, ఎప్పుడూ చిమ్మేదే. ఎవరి చేతికందింది వాళ్ళు పట్టుకుని తోడడం మొదలెట్టారు. నూకరాజు ఇంజినీరుగారి చేతిలో ఒక రేకుడబ్బా పెట్టాడు.

"తోడండి బాబూ. దీని పుట్టుక తరవాత చూసుకుందాం."

చిదంబరేశ్వరరావుగారు తోడారు. నమూనా తీసుకోలేదు, కొలత అడగలేదు. పడవలో అందరికంటే వేగంగా తోడింది ఆయనే.

చీకటి పడకముందే మనుషులందరూ ఒడ్డుకి చేరారు. గొడ్లు చేరలేదు. లంకవాళ్ళు పలుపులు కోసేసి వాటిని ఏటికి వదిలేశారు. గేదెకి ఈత వచ్చు, కానీ ఆ వరదలో ఈత ఎంతసేపు? బుల్లెమ్మ పడవలో వెనక్కి తిరిగి కూర్చుని, బంగారీ, మాలచ్చీ అంటూ గొంతు పోయేదాకా పిలిచింది. రెండు నల్లటి తలలు కాసేపు పడవ వెంటే వచ్చాయి. తరవాత ఒకటే వచ్చింది. తరవాత ఏదీ కనబడలేదు.

మూడో నాడు మాలచ్చి ఆరుమైళ్ళ దిగువన ఒక గట్టు మీద దొరికింది. మెడలో తెగిన పలుపు ముక్క వేలాడుతోంది. లంకలో మూడొందల పైచిలుకు గేదెలుండేవి. ఎనభై మిగిలాయి. బంగారి వాటిలో లేదు.

"ఆ లక్క ఆ రోజే కోసుంటే బంగారి ఉండేదక్కా" అన్నాడు నూకరాజు తలెత్తకుండా. "కత్తి చేతిలోనే ఉంది."

బుల్లెమ్మ ‘పోన్లే’ అనలేదు. అది అనగలిగే మాట కాదు. మాలచ్చి వీపు నిమిరింది.

వరద తీసిన పదిహేను రోజులకి రిజిస్టరు తపాలాలో నూకరాజుకి ఒక పొట్లం, దాని మీద మూడు కాగితాలు వచ్చాయి. మొదటిది కమిటీ తుది నివేదిక. ‘నౌక లోపలి నీటిమట్టము, వెలుపలి నీటిమట్టము ప్రస్తుతము సరిసమానముగా ఉన్నవి. నీరు వెలుపలి నుండి లోపలికి వచ్చుచున్నదనుటకు ఎట్టి ఆధారము లేదు. కావున శబరి-2లో లీకు లేదని ఏకగ్రీవముగా నిర్ధారించడమైనది.’ రెండోది ప్రశంసాపత్రం. స్వాధీన ద్రవమును ఒక్క చుక్కైనను నష్టపోకుండా, నౌకతో సహా భద్రపరచినందుకు ద్రవ పరిరక్షకుడు నూకరాజును శాఖ అభినందించుచున్నది. కింద చిదంబరేశ్వరరావుగారి సంతకం.

పొట్లం విప్పితే జిడ్డు పట్టించిన కొత్త తాడు. సరిగ్గా రెండు బారలు.

నూకరాజు దాన్ని చుట్టచుట్టి బుజాన వేసుకున్నాడు. బుల్లెమ్మ వాళ్ళు తలదాచుకున్న బడి ఆవరణలోకి వెళ్ళాడు. అక్కడ మాలచ్చి అరటిపీచు పలుపుతో ఒక గుంజకి కట్టేసి ఉంది. ఆ పీచు విప్పి పారేసి, కొత్త తాడు దాని మెడ చుట్టూ వదులుగా వేసి ముడివేశాడు.

"జిడ్డుగా ఉందేంటి తమ్ముడూ?" అంది బుల్లెమ్మ.

"పడవ తాడక్కా. నీళ్ళకి కుళ్ళదు."

మూడో కాగితం వినియోగ ధ్రువపత్రం. ‘సరఫరా చేయబడిన తాడు ఎచ్చట, ఏ నిమిత్తము ఉపయోగించబడినది?’ అని ప్రశ్న, దాని కింద ఖాళీ గీత. నూకరాజు మాలచ్చి పక్కనే గొంతుక్కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, లాగ్‌బుక్కులో రాసినంత శ్రద్ధగా రాశాడు.

‘మిగిలినదానిని కట్టుకొనుటకు.’